ఆరున్నర అడుగుల రోడ్డు

పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఎత్తు పద్నాలుగు వేల ఐదు వందల అడుగులు. జూన్ నెల. ఎండ కళ్లు చెదిరేలా ఉంది కానీ ఒంటికి తగలడం లేదు. లారీ దిగి, ట్రంకు పెట్టె భుజాన వేసుకుని పది అడుగులు వేశాను. పదకొండో అడుగుకు పెట్టె కింద పెట్టి దాని మీదే కూలబడ్డాను. వంటవాడు నన్ను చూసి నవ్వాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ సరిగ్గా అక్కడే కూర్చుంటాడట.

నేను మెట్టుగూడవాణ్ణి. ఆర్మీలో బండ్ల మెకానిక్‌ని, హవల్దార్‌ని. చలి అంటే అప్పటిదాకా నాకు తెలిసింది డిసెంబరులో స్వెటర్ వేసుకుని ఇరానీ చాయ్ తాగడం. ఆ పోస్టులో ఎనిమిది మందిమి. రెండు రాతి బంకర్లు, ఒక రేకుల షెడ్డు, ఇనుపతాడుతో బండ్లను లాగే వించి బిగించిన రికవరీ లారీ ఒకటి, జీపు ఒకటి, అంబులెన్సు ఒకటి. కనుమ దారిలో ఆగిపోయిన బండ్లను లాగి తెచ్చి, బాగుచేసి పంపడం మా పని.

సుబేదార్ సాబ్ పోస్టు కమాండర్. నా సెల్యూట్ అందుకుని ఆయన అన్న మొదటి మాట: "ఇక్కడ హ్యాండ్‌బ్రేక్ ముట్టకు. గేర్‌లో పెట్టు, చక్రం కింద రాయి పెట్టు, పోయి పడుకో." బ్రేక్ వేసి వదిలితే తడి గడ్డకట్టి తెల్లారేసరికి చక్రం పట్టేస్తుంది. వారం తిరిగేసరికి అది నాకు అలవాటైపోయింది. ఇప్పటికీ కార్ఖానా ఏరియాలో నా గ్యారేజీ ముందు బండి ఆపితే చక్రం కింద రాయి పెడతాను. పక్క షాపువాళ్లు నవ్వుకుంటారు.

ఆ గ్యారేజీకి ఈమధ్య కుర్రాళ్లు పెద్ద ఇంజన్ల కార్లు తెచ్చి, "అన్నా, మంచు కొండలకు పోతున్నం, టైర్లకు చైన్లు ఏవి కొనాలె?" అని అడుగుతున్నారు. చైన్ల సంగతి చెబుతాను. కానీ చైన్ల సంగతి చెబితే డ్రైవర్ సంగతి కూడా చెప్పాలి. ఇన్నాళ్లూ చెప్పలేదు.

డ్రైవర్ అంటే మా రికవరీ లారీ డ్రైవర్. జనగామ వైపు మనిషి. వయసు ఇరవై ఎనిమిది. పేరు రాయను. పోస్టులో తెలుగువాళ్లం మేమిద్దరమే. నన్ను ఉస్తాద్ అనేవాడు. మా దగ్గర ఒక బండికి ఒకే డ్రైవర్. ఆ లారీ తాళం అతను తప్ప ఇంకొకరు ముట్టరు. అతను లేకపోతే వించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, కాబట్టి నేను పోస్టు వదలకూడదు.

సెప్టెంబరులో అతను లీవు మీద ఊరికి వెళ్లాడు. అక్టోబరులో నాకు దీపావళికి లీవు మంజూరైంది. షరతు ఒక్కటే: డ్రైవర్ తిరిగి రావాలి. రెండు దీపావళులు ఇంట్లో లేను. మూడోది పోగొట్టుకోదలచుకోలేదు.

లీవు నుంచి వచ్చినవాడు నేరుగా కొండెక్కకూడదు. కింద రెండు మజిలీల్లో పది రోజులు ఆగి, పలచటి గాలికి ఊపిరితిత్తుల్ని అలవాటు చేసుకోవాలి. అది నియమం. డ్రైవర్ కింది క్యాంపుకు చేరిన రెండో రోజు నాకు ఫోన్ లైన్ కలిసింది. మంచు ముంచుకొస్తోందని అప్పటికే వైర్‌లెస్‌లో హెచ్చరిక. మర్నాడు పైకి వచ్చే రేషన్ కాన్వాయ్ ఆఖరిదట. కింద ఫోన్ దగ్గర కూర్చున్న క్లర్కుకు తెలుగు రాదు. తెలుగులోనే మాట్లాడాను.

"రేపటి కాన్వాయ్ల ఎక్కి వచ్చెయ్. మళ్ల రోడ్డు బంద్ అయితది."

"ఇంకా ఎనిమిది రోజులు ఆగాలె కద ఉస్తాద్?"

"నువ్వు లీవుకెళ్లి వచ్చినవని ఆ క్లర్కుకేం తెలుసు? స్పేర్ల కోసం కిందికి దిగిన, రెండు రోజులే అయిందని చెప్పు. ఏం గాదు తియ్."

కాసేపు లైన్లో గరగర.

"నువ్వు చెప్తున్నవంటే వస్త ఉస్తాద్," అన్నాడు.

వచ్చాడు. సాయంత్రం నాలుగున్నరకు దిగాడు. నా కోసం వాళ్లమ్మ చేసిన సకినాలు తెచ్చాడు. సగం విరిగిపోయాయి. ఇద్దరం నుసితో సహా తిన్నాం. కాన్వాయ్ పైకి సాగిపోయింది; మర్నాడు అందులోంచి తిరిగి దిగే లారీలో నేను వెళ్లాలి. పెట్టె సర్దుకుని పడుకున్నాను.

ఆ కాన్వాయ్ వెనకాలే ఒక కారు వచ్చింది. నాలుగు తలుపుల స్పోర్ట్స్ కారు, ముదురు నీలం, తెలంగాణ నంబరు. నాలుగు వందల పైచిలుకు గుర్రాల ఇంజన్. నేలకూ దాని పొట్టకూ మధ్య ఐదు అంగుళాలు. దిగింది వసుంధర గారు. నలభై దాటిన మనిషి. సొంతూరు భీమవరం దగ్గర, కార్ఖానాలో టైల్స్ షోరూం నడుపుతారు. తోడు వచ్చిన మిత్రుల కార్లు వెనక్కి తిరిగాయట. ఈమె తిరగలేదు.

"ఇంత దూరం వచ్చి కనుమ చూడకుండా ఎలా వెళ్తామండీ?" అన్నారు.

కనుమ చూడలేదు. తెల్లవారేసరికి మంచు మొదలైంది. ఉదయం ఒక రోడ్డు కూలీకి కాలు విరిగితే అంబులెన్సు, తోడుగా జీపు కిందికి వెళ్లాయి. అవి వెళ్లిన గంటకు పంతొమ్మిదో కిలోమీటరు దగ్గర చరియ విరిగి రోడ్డు మీద పడింది. మధ్యాహ్నం పైవైపు మరొకటి. మేం మధ్యలో. నన్ను దించాల్సిన లారీ పైచరియకు అవతల ఆగిపోయింది. నా లీవు కాగితం జేబులోనే ఉంది.

మూడు రోజులు కురిసింది. గాలి ఆగలేదు. బయట మైనస్ పద్దెనిమిది. బంకర్ తలుపు గంటకోసారి తవ్వుకోవాలి. కిరోసిన్ పొయ్యి పొగ, తడి సాక్సుల వాసన, ఏడుగురి దగ్గులు. వాటిలో ఒక దగ్గు మారింది. రెండో రోజు సాయంత్రానికి డ్రైవర్ పడుకోలేకపోయాడు. కూర్చుంటేనే ఊపిరి ఆడుతోంది. మూడో రోజు ఉదయం ఉమ్మిలో గులాబీ రంగు నురగ.

నర్సింగ్ అసిస్టెంట్ వీపు మీద చెవి పెట్టి విన్నాడు. నన్ను బయటికి పిలిచాడు.

"ఊపిరితిత్తుల్లో నీరు. ఇంజెక్షన్ ఇచ్చాను, ఆక్సిజన్ పెట్టాను. దీనికి అసలు మందు కిందికి దించడమే. రేపు మధ్యాహ్నం దాటితే నేను చెప్పలేను. ఇతను కింద పది రోజులు ఆగే వచ్చాడు కదా, ఇలా ఎందుకైంది?"

తలుపు ముందు మంచు తవ్వడానికి పార అందుకున్నాను. ఇతన్ని చంపుతున్నది నేనే, లీవు కోసం చంపుతున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. బయటికి మాత్రం రాలేదు.

వైర్‌లెస్ ఆపరేటర్ గంటకోసారి అడుగుతున్నాడు. జవాబు ఒక్కటే.

"వాతావరణం బాగాలేదు. హెలికాప్టర్ రాదు. ఓవర్."

మూడో రోజు పదకొండుకు వర్తమానం మారింది. మా వైపు చిక్కుకున్న రోడ్డు శాఖవాళ్ల డోజర్, మంచు తోసుకుంటూ, ఒక బండి పట్టేంత దారి తీస్తూ పంతొమ్మిదో కిలోమీటరు దాకా దిగింది. మర్నాడు ఉదయం పదింటికి స్ట్రెచర్ పార్టీ చరియ మీదుగా నడిచి ఇవతలికి వస్తుంది. అక్కడికి దించగలిగితే మూడున్నర వేల అడుగులు దిగినట్టే. కానీ నాలుగో కిలోమీటరులో డోజర్ దాటగానే దాని బరువుకు రోడ్డు అంచు లోయలోకి జారిపోయింది. మిగిలిన వెడల్పు డోజర్ ఆపరేటర్ టేపుతో కొలిచాడు. ఆరున్నర అడుగులు. మా లారీ ఎనిమిది. అక్కణ్ణుంచి పదిహేను కిలోమీటర్లు మంచులో మోసుకెళ్లే బలం మాలో ఎవరికీ లేదు. డోజర్ ఆ చోటిదాకా వెనక్కి ఎక్కి రావడానికే ఐదు గంటలు, పైగా దానికి కప్పు లేదు.

సుబేదార్ సాబ్ షెడ్డు వైపు చూశాడు. నేనూ చూశాను. నీలం కారు. టేపు తెచ్చి కొలిచాను. అద్దాలు మడిస్తే ఆరడుగుల ఒక అంగుళం.

వసుంధర గారికి విషయం చెప్పాను. ఆవిడ తాళం తీసి నా చేతిలో పెట్టారు.

"ఏం కావాలంటే అది చేయండి హవల్దార్ గారూ. కోయాలంటే కోయండి, విరగ్గొట్టాలంటే విరగ్గొట్టండి. మనిషి దిగితే చాలు."

పన్నెండింటికి పని మొదలుపెట్టాం. మొదట రేడియేటర్ మూత తీసి చూశాను. లోపల నిమ్మసోడాలో వేసే ఐసులా ముద్ద.

"ఇదేంది మేడం, కూలెంట్ ఏది?"

"కొంచెం తగ్గిందని బయల్దేరే ముందు మా వాచ్‌మన్ నీళ్లు పోశాడండీ."

మన ఊళ్లో అందరం చేసేదే. అక్కడైతే ఇంజన్ బ్లాకు పగులుతుంది. షెడ్డులో రెండు స్టవ్‌లు పెట్టి ముద్ద కరిగించి, అంతా తీసేసి లారీ స్టాకులోని గడ్డకట్టని కూలెంట్ నింపాం. అద్దం కడిగే నీళ్లూ గడ్డే. అవి తీసి నర్సింగ్ అసిస్టెంట్ దగ్గరి స్పిరిట్ కలిపాం.

తర్వాత టైర్లు. వెడల్పాటి వేసవి టైర్లు. ఏడు డిగ్రీల కిందికి పోతే ఆ రబ్బరు బిగుసుకుపోయి మంచును పట్టుకోదు. శక్తి మొత్తం వెనక చక్రాలకే. అంత బలం ఉన్న బండి మంచు మీద చేసే పని ఉన్నచోటే గిర్రున తిరగడం. వసుంధర గారి దగ్గర చైన్లు ఉన్నాయి, కొత్తవి, సంచీ విప్పనివి. విప్పి చూస్తే చిన్న కారువి. పోస్టులో జీపు చైన్లు రెండు సెట్లు. జీపు టైరు ఆరు అంగుళాలు, ఈ వెనక టైరు పదకొండు. రెండు సెట్లూ కోసి, అడ్డ చైన్లను జతలు కలిపి, ఒక సెట్టు చేశాను. లోపలివైపు సస్పెన్షన్‌కూ టైరుకూ మధ్య ఒక వేలు దూరేంత సందు. చైను తగలకుండా చక్రం పైనున్న ప్లాస్టిక్ కప్పు మొత్తం కోసేశాను.

ముందు చక్రాలకు చైన్లు మిగల్లేదు. వెనక మాత్రమే కడితే బండి కదులుతుంది, తిరగదు. టెంటు తాడు ముక్కలు కోసి, చక్రం ఊచల్లోంచి టైరు చుట్టూ పది చోట్ల బిగించి ముడేశాం. లోపల డిస్కును నొక్కే బ్రేక్ కాలిపర్లు గుమ్మడికాయలంత ఉన్నాయి. తాడు వాటికి రాసుకోకుండా ప్రతి ముడినీ చక్రం తిప్పి చూశాను. గ్లవ్స్‌తో ముడి పడదు. గ్లవ్స్ తీస్తే రెండు నిమిషాల్లో వేళ్లు మొద్దుబారతాయి. వంటవాడు వేడినీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని నిలబడ్డాడు.

ముందు బంపర్ కింది పెదవి రంపంతో కోశాం. అది ఉంటే నాగలిలా మంచు దున్నుకుంటూ పోతుంది. తారు డ్రమ్ము రేకు చదును చేసి ఇంజన్ కింద బోల్టులతో బిగించాం. డిక్కీలో రెండు కంకర బస్తాలు, వెనక చక్రాల మీద బరువు పడాలని. వసుంధర గారు కంకర బస్తా ఒక అంచు తానే పట్టుకున్నారు.

నాలుగింటికి ముంగిట్లో రెండు చుట్లు తిప్పాం. చైను పట్టింది. తాడూ పట్టింది. షెడ్డులో పెట్టి, ఇంజన్ ఆపి, నాలుగు చక్రాల కిందా రాళ్లు పెట్టాను. బ్యాటరీ విప్పి వెచ్చగా ఉండాలని బంకర్లోకి తెచ్చాను.

ఎవరు నడపాలన్నది మిగిలింది. వైర్‌లెస్‌లో కింది ఆఫీసర్ స్పష్టంగా చెప్పాడు.

"సివిలియన్ నడపకూడదు. హవల్దార్ నడపాలి. ఓవర్."

"ఈ కారు కాలు ఆనిస్తే దూకుతుందండీ. మీరు లారీ తొక్కినట్టు తొక్కితే లోయలో ఉంటాం," అన్నారు వసుంధర గారు. ఆవిడ చెప్పింది నిజం.

సుబేదార్ సాబ్ రిసీవర్ దూరంగా పట్టుకున్నాడు. "ఒక్క ముక్కా వినపడటం లేదు. గాలి ఎక్కువగా ఉంది. ఓవర్," అని పెట్టేశాడు.

ఉదయం ఆరుంబావు. డ్రైవర్‌ని ముందు సీటులో వాల్చి కూర్చోబెట్టి దుప్పట్లు చుట్టాం. పెదాలు నీలం. చివరి సిలిండర్ అప్పుడే పెట్టాం. అది మూడు గంటలు వస్తుంది. నర్సింగ్ అసిస్టెంట్ వెనక సీటులో. పార పట్టుకుని నేను అతని పక్కన. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. వసుంధర గారు గేర్ వేశారు. బండి ముందు లేచి మళ్లీ కూర్చుంది. కదల్లేదు.

దిగి చూశాను. వెనక రెండు చక్రాలూ పట్టేశాయి.

"మేడం, హ్యాండ్‌బ్రేక్ వేసిన్రా?"

"నేను వేయలేదండీ. ఇంజన్ ఆపితే అదే పడుతుంది."

లీవర్ లేదు. మీట లాగే చప్పుడు లేదు. ఇంజన్ ఆపగానే కారు తనంతట తనే బ్రేక్ వేసుకుంది, మంచు బురదలో తడిసిన బ్రేక్. ఆవిడకు ఆ సంగతి తెలుసు కానీ మా పోస్టు అలవాటు తెలియదు. నాకు అలవాటు తెలుసు కానీ ఆ కారు తెలియదు. నాలుగు రాళ్లు పెట్టి నేను హాయిగా పడుకున్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసు. నన్ను నేను కొట్టుకోవాలనిపించింది.

స్విచ్ నొక్కితే బ్రేక్ మోటారు వదిలింది కానీ ప్యాడ్లు డిస్కుకు అతుక్కుపోయి ఉన్నాయి. కెటిల్ తరవాత కెటిల్ వేడినీళ్లు పోశాం. చెక్క సుత్తితో కాలిపర్ మీద కొట్టాను. నలభై నిమిషాలు. లోపల సిలిండర్ ముల్లు దిగుతోంది. చివరికి వసుంధర గారు అద్దం దించారు.

"అందరూ పక్కకి తప్పుకోండి."

రివర్స్ వేసి ఒక్కసారి తొక్కారు. తుపాకీ పేలినట్టు చప్పుడు. చక్రాలు వదిలాయి. ఎడమ చైను మూడు చోట్ల తెగింది. వైరుతో కలపడానికి మరో అరగంట. బయల్దేరేసరికి ఏడూ నలభై ఐదు. గంటన్నర ఆక్సిజన్ షెడ్డులోనే అయిపోయింది.

మొదటి మూడు కిలోమీటర్లు సాఫీగా దిగాం. వసుంధర గారు బ్రేక్ ముట్టలేదు. చిన్న గేరులో ఇంజన్ పట్టుతోనే దింపారు. నాలుగు వందల గుర్రాల్లో నలభై కూడా వాడలేదు. నాలుగో కిలోమీటరు దగ్గర నేను దిగి, కారు ముందు వెనక్కి నడుస్తూ చేతులతో దారి చూపించాను. కుడివైపు కొండ, ఎడమవైపు ఏమీ లేదు. దాటడానికి పన్నెండు నిమిషాలు పట్టింది.

నర్సింగ్ అసిస్టెంట్ గాలి తగ్గించి తగ్గించి పొదుపుగా ఇచ్చినా తొమ్మిదిన్నరకు సిలిండర్ అయిపోయింది. ఇంకా నాలుగు కిలోమీటర్లు. డ్రైవర్ మాస్కు తీసేశాడు. నర్సింగ్ అసిస్టెంట్‌కు తెలుగు రాదు. డ్రైవర్ తల తిప్పకుండా, ఒక్కో మాటకు ఆగి ఆగి అన్నాడు.

"ఉస్తాద్... ఫోన్ సంగతి... ఎవ్వరికి చెప్పకు. నేనే... వచ్చిన అంట."

"ఊకో. మాట్లాడకు."

"నీకు పింఛను... దగ్గరపడ్డది. నేను... చిన్నోన్ని. ఏమైతది నాకు."

నేను వద్దు అనలేదు. కనీసం ఒక్కసారి వద్దు అనవలసింది. వసుంధర గారు అద్దంలోంచి నన్ను ఒక్కసారి చూశారు. మళ్లీ రోడ్డు చూశారు.

పది గంటల ఐదు నిమిషాలకు చరియ దగ్గర స్ట్రెచర్ పార్టీ కనిపించింది. వాళ్ల దగ్గర ఆక్సిజన్ ఉంది. పెట్టారు, కట్టారు, మోసుకుపోయారు. మధ్యాహ్నం రెండుకు డోజర్ వైర్‌లెస్‌లో వర్తమానం వచ్చింది.

"డ్రైవర్ ఆస్పత్రి చేరాడు. బతికి ఉన్నాడు. ఓవర్."

డోజర్ బ్లేడు పక్కన కూర్చుని ఏడ్చాను. వసుంధర గారు నాకు నీళ్ల సీసా ఇచ్చి దూరంగా వెళ్లి నిలబడ్డారు.

విచారణ నెల తర్వాత జరిగింది. డ్రైవర్ ముందే రాసిచ్చాడు: ఎవరూ పిలవలేదు, క్లర్కుకు అబద్ధం చెప్పి నేనే ఎక్కాను. ఆఫీసర్ నన్ను అడిగాడు. "నువ్వు రమ్మన్నావా?" "లేదు సాబ్," అన్నాను. అంతే. కుర్చీలో కూర్చుని ఒక చాయ్ తాగేంత సేపు కూడా పట్టలేదు.

అతని రికార్డులో ఎర్ర సిరా పడింది. ఊపిరితిత్తులు పూర్తిగా కోలుకోలేదు. మెడికల్ కేటగిరీ తగ్గించి, తర్వాత ఇంటికి పంపేశారు. నేను పూర్తి సర్వీసు చేసి, పూర్తి పింఛనుతో మెట్టుగూడ చేరాను. స్టేషన్లో మా వాళ్లు దండ వేశారు. బోయిగూడ నుంచి మా అక్కావాళ్లు మిఠాయి డబ్బాతో వచ్చారు. దండ మెడలో పడుతుంటే ఎవరైనా ఇప్పుడు అడిగితే చెప్పేస్తాను అనుకున్నాను. ఎవరూ అడగలేదు.

అతను ఇప్పుడు ఊళ్లో స్కూలు వ్యాను నడుపుతున్నాడు. మెట్లెక్కితే మధ్యలో ఆగుతాడట. దసరాకు ఫోన్ చేసి, "మంచిగున్నవా ఉస్తాద్?" అంటాడు. మంచిగున్న అంటాను. వసుంధర గారి షోరూం నా గ్యారేజీకి కిలోమీటరు దూరం. ఆ కారు ఇంకా ఉంది, కొత్త బంపర్ వేయించారు. సర్వీసుకు మాత్రం నా దగ్గరికి పంపరు. ఒక్కసారి సిగ్నల్ దగ్గర అద్దం దించి, "ఆయన ఎలా ఉన్నారండీ?" అని అడిగారు. బాగున్నాడన్నాను. సిగ్నల్ పడింది, వెళ్లిపోయారు. ఎప్పుడు ఆ దారిన పోయినా షోరూం వచ్చేముందు సందులోకి తిరుగుతాను. ఏ సందులోకి తిరిగినా చివరికి ఆ కారులోనే ఉన్నట్టుంటుంది.

కుర్రాళ్లు అడిగినప్పుడు చైన్లు చెబుతాను, కూలెంట్ చెబుతాను, బ్రేక్ చెబుతాను. వాళ్లు రాసుకుంటారు. నాకు అప్పుడు కనిపించేది నాలుగో కిలోమీటరు.

నేను కారు ముందు వెనక్కి నడుస్తున్నాను. గాలికి లేచిన మంచు కారు ముందు అద్దం కుడి సగం, స్టీరింగ్ వైపు, కప్పేసింది. వసుంధర గారికి నేను కనిపించడం లేదు. ఎడమ చక్రం అంచుకు రెండు వేళ్ల దూరంలో ఉంది. నేను అరుస్తున్నాను, గాలిలో వినపడటం లేదు. కుడికి అని చెయ్యి ఊపాను. కారు కుడికి జరిగింది. ఎలా చూసిందా అని తలెత్తాను. అద్దం ఎడమ సగంలో డ్రైవర్ ముందుకు వంగి కూర్చున్నాడు. మాస్కు ఒక చేత్తో పట్టుకున్నాడు. గోళ్లు నీలంగా ఉన్న రెండో చెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఎత్తి పట్టి, నా మీంచి కళ్లు తీయకుండా, నేను చూపింది చూపినట్టు ఆవిడకు చూపిస్తున్నాడు. కుడికి. ఇంకొంచెం. నిదానం. రా. నేను చెయ్యి ఎటు ఊపితే, అతని చెయ్యీ అటే ఊగుతోంది.